పెండింగ్ అని రాసినా అది కోతే

రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక శాఖ, వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరింది ఉమ్మడి రాష్ట్రంలో. ఉంటున్నది ఆంధ్రాలో, కూతుర్ని ఇచ్చింది తెలంగాణలో. రెండు వైపులా ఏం జరుగుతోందో కొంత ఇంట్లోవాళ్ల వల్ల, కొంత నేనే మందుల క్యూలో నిలబడటం వల్ల తెలుసు. అందుకే ఈ ఉత్తరం రెండు ప్రభుత్వాలకూ కలిపి రాస్తున్నాను.

అడగాల్సిన చోట అడగకుండా నేరుగా బహిరంగ లేఖకు దిగలేదు. పోయిన ఏడాది మా మండలం ఆసుపత్రిలో బీపీ, షుగర్ మందుల కొరత గురించి సోమవారం అర్జీల్లో కాగితం ఇచ్చాను. పదిహేను రోజులకు నా అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సంతోషపడి ఆసుపత్రికి వెళ్తే మందులు రాలేదు. రెండోసారి ఇచ్చాను. ఈసారి కాగితం మీద జవాబు వచ్చింది: "నిధుల లభ్యతను బట్టి తగు చర్యలు తీసుకోబడును." మూడోసారి ఇవ్వబోతే కౌంటర్లో కూర్చున్న కుర్రాడు, మంచివాడే పాపం, "ఇది మా చేతుల్లో లేదు మాస్టారూ, పైనుంచి రావాలి" అన్నాడు. ఆ పైన ఉన్నది మీరే కాబట్టి మీకే చెప్పుకుంటున్నాను.

ఖజానా పరిస్థితి తెలియక కాదు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి అప్పు 6.71 లక్షల కోట్లని చెప్పింది. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన శ్వేతపత్రంలో 9.74 లక్షల కోట్లని చెప్పింది. ఆ లెక్కల మీద పార్టీల మధ్య ఉన్న గొడవలోకి నేను పోను. డబ్బుకు కటకటగా ఉందన్నది నిజం. ఇల్లు నడిపే ఎవరికైనా అది అర్థమవుతుంది. జీతం తక్కువొచ్చిన నెలలో ఇంటావిడ కూడా ఏది ముందు కట్టాలి, ఏది ఆపాలి అని వరస వేసుకుంటుంది. మీరు వేసుకున్న వరసలో మందుల బిల్లు ఎందుకు చివరికి పోతోందన్నదే నా ప్రశ్న.

ఆరోగ్యానికి కోత పెడుతున్నామని మన దగ్గర ఏ ప్రభుత్వమూ నోటితో చెప్పదు. దానికి జీవో రాదు, ప్రెస్‌మీట్ ఉండదు. బిల్లు పెడతారు, పాస్ అవుతుంది, డబ్బు మాత్రం పడదు. సప్లయర్ మొదటి ఇండెంట్‌కి, అంటే మందుల ఆర్డర్‌కి, సరుకు పంపుతాడు, రెండోదానికి సగం పంపుతాడు, మూడోదానికి ఫోన్ ఎత్తడు. ఆఫీసు భాషలో దీని పేరు పెండింగ్. ఫార్మసీ కిటికీ దగ్గర నిలబడి చూస్తే ఇది కోతే. కోత అని రాసి ఉంటే అసెంబ్లీలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. పెండింగ్‌ని ఎవరూ అడగరు, అది ఏళ్ల తరబడి అలాగే సాగిపోతుంది.

ఆ కిటికీకి ఇవతల ఏం జరుగుతుందో చెబుతాను.

1. కత్తెర

స్టాకు నిండుగా ఉన్న రోజుల్లో మాకు ఫార్మసీలో కత్తెరతో పెద్ద పని ఉండదు. కొరత మొదలైతే రోజంతా అది చేతిలోనే ఉంటుంది. నెలకు ముప్పై బిళ్లలు ఇవ్వాల్సిన మనిషికి పది కత్తిరించి ఇస్తాం. స్ట్రిప్పుకి ఒక చివరే ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. తేదీ ఉన్న ముక్క ఒకరికి పోతుంది, లేని ముక్క ఇంకొకరికి పోతుంది. తప్పని తెలిసీ చేస్తాం, ఎందుకంటే క్యూలో వెనక ఇంకా నలభై మంది ఉంటారు.

నా సర్వీసు చివరి ఏడాదుల్లో ఒక పెద్దావిడ ప్రతి నెలా బీపీ బిళ్లల కోసం వచ్చేది. మూడు నెలలు వరసగా పదేసి బిళ్లలే ఇచ్చాం. నాలుగో నెల వచ్చినప్పుడు కొంగు ముడి విప్పి చూపించింది. కాగితంలో చుట్టిన నాలుగు తెల్ల బిళ్లలున్నాయి. రోజు విడిచి రోజు వేసుకుంటోంది. "అయిపోతే మళ్లీ రావాలి గదా నాయనా, ఆటోకే అరవై అవుతాది, ఆ రోజు కూలీ పోతాది" అంది. నేను బయట కొనుక్కోమని చీటీ రాయబోతే వద్దంది. ఆ తర్వాత రెండు నెలలు ఆవిడ రాలేదు. ఒకనాడు కొడుకు వచ్చాడు, అమ్మకి పక్షవాతం వచ్చిందని, మూత్రం సంచి మార్చడానికి ఏం కావాలో చెప్పమని.

ప్రభుత్వం టెండర్‌లో కొనే ధరకు ఆ బిళ్ల ఖరీదు రూపాయి కూడా ఉండదు. పక్షవాతం వచ్చిన మనిషికి ఆసుపత్రి, స్కానింగ్, ఫిజియోథెరపీ, మంచం పట్టిన తల్లి కోసం పని మానుకున్న కోడలి కూలీ, అన్నీ కలిపి ఎంతవుతుందో లెక్క వేయండి. అందులో ఆసుపత్రి ఖర్చు ఆరోగ్యశ్రీ రూపంలో మళ్లీ మీ ఖజానాకే వస్తుంది. ఇందులో పొదుపు ఎక్కడుందో నాకు ముప్పై ఒక్క ఏళ్లలో కనపడలేదు.

షుగర్ బిళ్లలదీ ఇదే కథ. మూర్ఛ మందు ఇంకా దారుణం, నాలుగు రోజులు తప్పితే పొలంలోనో పొయ్యి దగ్గరో పడిపోతారు. టీబీ మందుల సంగతి మీకే తెలుసు. 2024 మార్చిలో దేశమంతా కొరత వచ్చి, రాష్ట్రాలే స్థానికంగా కొనుక్కోవాలని కేంద్రం చెప్పాల్సి వచ్చింది. టీబీ కోర్సు మధ్యలో తెగితే జబ్బు మందులకు లొంగని రకంగా మారుతుందని ఆశా వర్కర్లకు ట్రైనింగ్‌లో మనమే చెబుతాం.

2. బయటి చీటీ

లేని మందును డాక్టరుగారు తెల్ల కాగితం మీద రాసి బయట కొనుక్కోమంటారు. ఆ కాగితానికి లెక్క లేదు, రికార్డు లేదు. ఎంతమందికి రాశారో ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అందుకే ఓపీ సంఖ్య చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో దేశంలో ఆరోగ్యం మీద పెట్టిన ప్రతి వంద రూపాయల్లో సుమారు 39 రూపాయలు జనం సొంత జేబులోంచి పెట్టినవే. 2013-14లో ఇది 64 రూపాయలు. తగ్గింది, మంచిదే, ఒప్పుకుంటాను. ఆ ఖర్చులో పెద్ద వాటా మందులదే. ప్రభుత్వ ఆసుపత్రిలో షెల్ఫు ఖాళీ అయిన ప్రతిసారీ తగ్గిన ఆ భారాన్ని మళ్లీ జనం మీదికే నెడుతున్నాం.

3. ఆరోగ్యశ్రీ ఆగిన రోజులు

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. గుండె ఆపరేషన్ అంటే ఇల్లు అమ్ముకోవాలనుకున్న మనుషులు కార్డు పట్టుకుని ధైర్యంగా పట్నం బస్సెక్కడం చూశాను. ఆ పథకాన్ని ఎవరు తెచ్చారు, ఎవరు పేరు మార్చారు అన్నది పక్కన పెట్టండి. తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ దాన్ని కొనసాగించిందంటే అది జనానికి ఎంత అవసరమో తెలుస్తుంది.

2023 డిసెంబర్‌లో ఒక కుటుంబానికి ఏడాదికి ఇచ్చే ఉచిత వైద్యం పరిమితిని తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. పరిమితి పెరిగింది గానీ బిల్లులు కట్టే వేగం పెరగలేదు. బకాయిలు వేల కోట్లకు చేరాయని ఆంధ్రాలో, వెయ్యి కోట్లు దాటాయని తెలంగాణలో ఆసుపత్రుల సంఘాలు చెప్పాయి. ఆంధ్రాలో 2024 మేలో ఒకసారి, 2025 అక్టోబర్‌లో మరోసారి నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు, సేవలు ఆపాయి. తెలంగాణలో 2025 జనవరిలో, మళ్లీ సెప్టెంబర్‌లో ఆపాయి. ప్రతిసారీ చర్చలు జరిగాయి, కొంత డబ్బు విడుదలైంది, సేవలు మొదలయ్యాయి. పేపర్లో వార్త అక్కడితో అయిపోతుంది. ఆ మధ్య రోజుల్లో జబ్బు పడ్డవాళ్ల కథ అయిపోదు.

మా వియ్యంకుడు అలాంటి రోజుల్లోనే బాత్‌రూమ్‌లో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, "కార్డు ఇప్పుడు నడవట్లేదు, క్యాష్ అయితే రేపే ఆపరేషన్" అన్నారు. సర్కారు ఆసుపత్రిలో అడిగితే ముందున్నవాళ్లు అయ్యేసరికి వారం పైన పడుతుందన్నారు. ఆ వయసులో తుంటి విరిగిన మనిషిని వారం కదలకుండా పడుకోబెడితే ఒళ్లు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. నాకది తెలుసు కాబట్టి ఆగొద్దని నేనే చెప్పాను. లక్షా అరవై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 4,800 వడ్డీ. పత్తి డబ్బులు వచ్చేదాకా కడుతూనే ఉన్నారు. నాలుగు రోజులకు సేవలు మొదలైనా వాళ్లకి ఒక్క రూపాయి వెనక్కి రాలేదు, ఎందుకంటే చేయించుకుంది క్యాష్ మీద.

ఆసుపత్రులది తప్పు లేదని నేననను. పేదవాడి ఆపరేషన్ ఆపి ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడం నా మనసు ఒప్పుకోదు. కానీ పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఏడాది ఆగగలదు, తాలూకా ఊళ్లో యాభై మంచాల ఆసుపత్రి ఆగలేదు. దాని నర్సులకు ఒకటో తారీకున జీతం ఇవ్వాలి. అలాంటివి పథకం నుంచి బయటికి పోతే రోగి ఇంకో వంద కిలోమీటర్లు ప్రయాణం చేయాలి.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకైతే ఈ చర్చల తేదీలు అసలు పనికిరావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛను ఇచ్చారు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కట్టారు. చేసిన మంచిని మంచే అంటాను. కానీ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మిషన్ మీద రక్తం శుద్ధి కావాల్సిన మనిషికి "వచ్చే వారం రా" అన్న మాటకు అర్థం వేరు.

4. ల్యాబ్, సిబ్బంది

రీఏజెంట్, అంటే రక్త పరీక్షలకు వాడే రసాయనం, లేక మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచడం నేను పనిచేసిన ప్రతి చోటా చూశాను. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి మూడేసి నెలలు జీతాలు రాకపోతే వాళ్లు మానేస్తారు. మానేసిన వాళ్ల స్థానంలో ఎవరూ రారు, ఉన్న స్టాఫ్ నర్సు రెండు వార్డులు చూస్తుంది. రాత్రి కాన్పు వస్తే ఆ ఒక్కతే పరిగెడుతుంది.

5. ఆలస్యంగా వచ్చిన డబ్బు

ఏజెన్సీలో దోమల మందు పిచికారీ వానలకు ముందు జరగాలి. డబ్బు ఆగస్టులో వస్తే పుస్తకంలో ఖర్చు చూపించడానికి పనికొస్తుంది, మలేరియా ఆపడానికి పనికిరాదు. ఆరోగ్యానికి డబ్బు ఆపితే ఏమవుతుందో బయటి దేశాలు చూపించాయి. గ్రీసు దేశం 2010 నుంచి అప్పులవాళ్ల షరతులకు తలొగ్గి ఆరోగ్య ఖర్చును తెగ్గోసింది. దశాబ్దాల క్రితం పోయిన మలేరియా 2011లో లకోనియా ప్రాంతంలో స్థానికంగా మళ్లీ పుట్టింది. ఏథెన్స్‌లో సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లలో ఏడాదికి పది పదిహేను ఉండే కొత్త హెచ్‌ఐవీ కేసులు అదే ఏడాది రెండు వందలు దాటాయి. అంతకుముందు వాళ్లకు చాలినన్ని శుభ్రమైన సూదులు ఇవ్వడమన్నది జరగలేదు. ఇంకా దగ్గరగా, శ్రీలంకలో 2022 మార్చిలో పేరాదెనియ బోధనాసుపత్రిలో మందులు లేక ముందుగా తేదీ ఇచ్చిన ఆపరేషన్లన్నీ ఆపేశారు. మనం అంత దాకా పోలేదు. పోకూడదనే ఈ ఉత్తరం.

డబ్బు లేనప్పుడు ఇంకేం చేస్తారని మీరు అడగొచ్చు. థాయిలాండ్‌ని చూడండి. 1997లో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. కోలుకుంటున్న రోజుల్లోనే, 2001-02లో, 30 బాత్‌లు కడితే ఎవరికైనా వైద్యం అన్న పథకాన్ని దేశమంతా తెచ్చారు. మండల స్థాయి ఆసుపత్రులను ముందు బలపరిచారు. మన పక్కనే తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు కార్పొరేషన్ పెట్టి, ప్రతి ఆసుపత్రికీ పాస్‌బుక్ ఇచ్చింది. ఏ మందు ఎంత తీసుకున్నారో, ఎంత మిగిలిందో బ్యాంకు పుస్తకంలా అందులో ఉంటుంది. మన కార్పొరేషన్లు కూడా ఆ నమూనాలోనే వచ్చాయి. సప్లయర్‌కి టైముకి డబ్బు కట్టే అలవాటు మాత్రం మనం తెచ్చుకోలేదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. 1992లో బెంగాల్లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీ సంఘం సభ్యుణ్ణి ఒకదాని తర్వాత ఒకటిగా సర్కారు ఆసుపత్రులు మంచం లేదని తిప్పి పంపాయి. చివరికి సొంత డబ్బుతో ప్రైవేటులో వైద్యం చేయించుకున్నాడు. 1996లో సుప్రీంకోర్టు దాన్ని జీవించే హక్కుకు భంగంగా తేల్చింది. ప్రాణం కాపాడే వైద్యం ఇవ్వాల్సిన బాధ్యత నుంచి డబ్బు లేదన్న సాకుతో రాష్ట్రం తప్పుకోలేదని చెప్పింది. "నిధుల లభ్యతను బట్టి" అన్న నా అర్జీ జవాబు చదివినప్పుడల్లా ఆ తీర్పు గుర్తొస్తుంది.

ఇక బడ్జెట్. రాష్ట్రాలు తమ బడ్జెట్లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఇవ్వాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది, దానికి పెట్టిన గడువు 2020. 2025-26లో ఆంధ్రప్రదేశ్ సుమారు 3.22 లక్షల కోట్ల బడ్జెట్లో ఆరోగ్యానికి 19 వేల కోట్ల పైచిలుకు పెట్టింది, అంటే 6 శాతం దగ్గర. తెలంగాణ సుమారు 3.05 లక్షల కోట్లలో 12 వేల కోట్ల పైచిలుకు, అంటే 4 శాతం చిల్లర. ఇవి కేటాయింపులే. చేతికి వచ్చింది ఎంతో ఏడాది చివర జనానికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పరు.

కనుక మిమ్మల్ని కోరేవి ఇవి.

1. మందులు, రీఏజెంట్లు, ఆక్సిజన్, డయాలసిస్, ఆరోగ్యశ్రీ బిల్లులను జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీతో పాటు మొదటి వరసలో పెట్టండి. పాసైన బిల్లుకు 30 రోజుల్లో డబ్బు పడాలి. దాటితే వడ్డీ కట్టాలి, ఎందుకు దాటిందో రాసి పెట్టాలి.

2. ఆరోగ్య శాఖలో పెండింగ్ బిల్లులు ఎన్ని, ఎంత, ఎన్ని రోజులుగా ఉన్నాయో ప్రతి నెలా జనానికి చూపించండి. కేటాయింపు పక్కనే విడుదలైన సొమ్ము కూడా ఉండాలి.

3. ప్రతి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో మందుల బోర్డు పెట్టండి. మందు పేరు, ఇవాళ ఉందా లేదా, లేకపోతే ఎప్పుడొస్తుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సుద్దముక్క చాలు. బయటికి రాసే ప్రతి చీటీకీ రిజిస్టర్లో నంబరు వేయించండి.

4. బీపీ, షుగర్, మూర్ఛ, టీబీ, మానసిక జబ్బుల మందులు నెలకు తక్కువ కాకుండా ఒకేసారి ఇవ్వాలి. స్టాకు అయిపోతే ఆ రోజే స్థానికంగా కొనే డబ్బు మెడికల్ ఆఫీసర్ చేతిలో ఉండాలి. మార్చిలో ఖజానా బిల్లులు ఆపినా దీన్ని ఆపకూడదు.

5. ఆరోగ్యశ్రీకి మూడు నెలల బిల్లులకు సరిపడా నిధి విడిగా పక్కన పెట్టండి. డయాలసిస్, క్యాన్సర్, గుండె, ప్రమాద కేసులను ఏ గొడవ వచ్చినా ఆపడానికి వీల్లేకుండా ఆసుపత్రులతో ఒప్పందంలో రాయించండి. సేవలు ఆగిన రోజుల్లో కార్డు ఉండి క్యాష్ కట్టినవాళ్లకు ప్యాకేజీ మేరకు తిరిగి ఇవ్వండి.

6. 8 శాతానికి ఏ ఏడాదికి చేరతారో వచ్చే బడ్జెట్లో తేదీతో చెప్పండి. పెరిగే ప్రతి రూపాయిలో పెద్ద వాటా కొత్త బిల్డింగులకు కాకుండా సబ్‌సెంటర్‌కి, పీహెచ్‌సీకి ఇవ్వండి.

7. అర్జీ ఇచ్చినవాళ్లు అయిందని చెప్పేదాకా దాన్ని పరిష్కారమైనట్టు మూసేయకండి.

ఇందులో మూడోది, ఏడోది రేపే చేయొచ్చు. రెండోది నెలలో చేయొచ్చు. మిగతావాటికి టైము పడుతుందని నాకూ తెలుసు, అందుకే తేదీలు అడుగుతున్నాను.

నా రెండు అర్జీల రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వచ్చే నెల మొదటి సోమవారం బీపీ మందుల కోసం మా ఆసుపత్రికి ఎలాగూ వెళ్లాలి. గోడ మీద బోర్డు ఉందో లేదో చూసి, అప్పుడే మళ్లీ మీకు రాస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ ప్రభుత్వ ఫార్మసిస్టు